వానలకు ముందు ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ సర్క్యూట్ పరీక్షించేవారికి జాగ్రత్తలు

వానాకాలంలో ఎయిర్‌బ్యాగ్ దీపం ఆరని కార్లు విజయవాడ ఆటోనగర్ షెడ్లకు వస్తూనే ఉంటాయి. ఎయిర్‌బ్యాగ్ వైరింగ్‌కు ఉండే పసుపు కనెక్టర్‌పై చేయి వేసే ముందు ఇవి చూసుకోవాలి.

• ఎయిర్‌బ్యాగ్‌కు మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో (నిరోధం కొలిచే అమరికలో) పెట్టి నేరుగా తాకించరాదు. మీటరు పంపే కొద్దిపాటి కరెంటుకే అది పేలవచ్చు. ఎయిర్‌బ్యాగ్ స్థానంలో కంపెనీ సూచించిన రెసిస్టర్‌ను తగిలించి, ఆ తరువాతే వైరింగ్‌ను పరీక్షించాలి.

• బ్యాటరీ నెగటివ్ తీగ తీసినా ఎయిర్‌బ్యాగ్‌ను నడిపే కంట్రోల్ మాడ్యూల్‌లోని కెపాసిటర్లలో ఛార్జ్ కొంతసేపు నిలిచే ఉంటుంది కనుక, ఆ మోడల్ మాన్యువల్ చెప్పిన వ్యవధి ముగిసేదాకా ఆగాలి.

• స్కానర్ చూపే లోపం కోడ్‌ను చెరిపే ముందు రాసుకోవాలి. అందులో సెన్సర్ పేరు కనిపించినంత మాత్రాన సెన్సరే పోయిందని అనుకోరాదు. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో నిలిచిన కారైతే, కొత్త సెన్సర్‌కు డబ్బు పెట్టించే ముందు తివాచీ ఎత్తి, సీటు కింది కనెక్టర్ పిన్నులపై పచ్చటి చిలుము ఉందేమో చూడడం న్యాయం.

• సెన్సర్‌పై బాణం గుర్తు ఉంటే ఆ దిశలోనే బిగించాలి. తిరగబడితే ఢీకొన్న తాకిడిని అది సరిగా గుర్తించదు.

• విప్పిన ఎయిర్‌బ్యాగ్‌ను కవరు పైకి ఉండేలా పెట్టాలి. బోర్లిస్తే, పేలినప్పుడు మొత్తం యూనిట్ ఎగిరిపడుతుంది.