మట్టి లేని పెంపకంలో మొక్క తేడా చేస్తే ముందు నీళ్లు చూడండి

ఒంగోలులో మా మిద్దె మీద రెండేళ్లుగా మట్టి లేకుండా ఆకుకూరలు పెంచుతున్నాను. మోటార్లు, పైపులు ఏమీ లేవు. చేపలు ఐస్‌లో పెట్టి పంపే థర్మోకోల్ పెట్టె, దాని మూతకు కోసిన రంధ్రాలు, వాటిలో నెట్ పాట్లు (జల్లెడలా రంధ్రాలున్న చిన్న ప్లాస్టిక్ కుండీలు), పాట్లలో కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), కింద పోషకాలు కలిపిన నీళ్లు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు మొక్క వాడిపోగానే ఇంకో మందు, అంటే నీళ్లలో కలిపే పోషకాలు, కొనడానికి పరిగెత్తుతారు. మన దగ్గర తప్పు చాలాసార్లు మందులో ఉండదు. నీళ్లలోనో, ఎండలోనో ఉంటుంది.

ఆకుల అంచులు మాడుతున్నాయి, మొక్క ఎదగడం లేదు

కారణం బోరు నీళ్లలోని ఉప్పు. నా మొదటి పాలకూర ఇలాగే పోయింది. ప్యాకెట్ మీద రాసినంతే మందు వేశాను. వారానికల్లా అంచులు కాలిన కాగితంలా గోధుమరంగుకి తిరిగి, పట్టుకుంటే పొడి అయ్యాయి. ఫిల్టర్ రిపేరుకు వచ్చిన అబ్బాయి దగ్గర టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలను పీపీఎంలో చూపేది) తీసుకుని ముంచితే, ఏమీ కలపని బోరు నీళ్లే 1300 చూపించాయి. ఆకుకూరలకు పోషకాలు కలిపాక మొత్తం 600 నుంచి 900 ఉంటే చాలు. అంటే మందు వేయకముందే గీత దాటిపోయాం. పైగా ఆ 1300లో మొక్క తినేది చాలా తక్కువ. మీటరు ఉప్పుకీ ఎరువుకీ తేడా చెప్పదు, రెండూ కలిపి ఒకే అంకె చూపిస్తుంది.

పరిష్కారం: మందు కలపకముందు నీళ్లు 300 లోపు ఉండాలి. వాన నీళ్లు పట్టుకుంటే అంతకంటే మంచివి లేవు. లేదంటే ఆర్‌ఓ నీళ్లు 50 ఉన్నాయనుకుంటే, నాలుగు పాళ్లు అవి, ఒక పాలు నా బోరు నీళ్లు కలిపితే సరిగ్గా 300కి వస్తాయి. మీ బోరు అంకె వేరే ఉంటుంది, కొలిచి కలపండి. కాచినా, వడకట్టినా ఉప్పు పోదు. ఆర్‌ఓ మెషిన్ బయటికి వదిలే నీళ్లు మాత్రం అస్సలు వాడొద్దు, ఫిల్టర్ తీసేసిన ఉప్పంతా వాటిలోనే ఉంటుంది. కోకోపీట్‌లోనూ ఉప్పు ఉంటుంది. మంచినీళ్లలో నానబెట్టి రెండు మూడు సార్లు పిండి పారబోయండి. చేపల పెట్టెను కూడా సబ్బుతో రుద్ది బాగా కడగాలి.

నీళ్లు నిండుగా ఉన్నా మధ్యాహ్నానికి మొక్క వాలిపోతోంది

కొత్తపట్నంలో మా పిన్ని నల్ల బకెట్లలో తోటకూర వేసింది. మే నెలలో ఫోన్ చేసి, "నీళ్లు నిండా ఉండాయి కదరా, ఎందుకు వాడతాండాయి?" అని అడిగింది. నేను వెళ్లేసరికి రొయ్యల చెరువు నుంచి వచ్చిన బాబాయి బకెట్లో చెయ్యి పెట్టి చూస్తున్నాడు. "నీళ్లు కాలిపోతాండాయి. ఇందులో డీఓ ఏడ ఉంటది?" అన్నాడు. డీఓ అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్. ఆ ఒక్క మాటలో అంతా ఉంది. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ నిలవదు. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు 9 మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీలకు అది ఏడున్నరకు పడిపోతుంది. అదే వేడికి వేరుకు ఊపిరి ఎక్కువ కావాలి. ఊపిరాడని వేరు నీళ్లు పీల్చలేదు. పైన ఆకు ఎండిపోతున్నా కింద నీళ్లు అలాగే ఉంటాయి.

నెట్ పాట్‌ను పైకెత్తి వేరు చూడండి. మంచి వేరు సేమ్యాలా తెల్లగా ఉంటుంది. కుళ్లిన వేరు గోధుమరంగులో జిగటగా, మురుగు వాసనతో ఉంటుంది. రెండు వేళ్ల మధ్య పట్టి లాగితే పై పొర జారి చేతికొచ్చి, లోపల సన్నని దారం మిగులుతుంది.

వేరు ఇంకా తెల్లగా ఉంటే మొక్కను కాపాడుకోవచ్చు. 50 శాతం షేడ్ నెట్ కట్టండి, లేదా ఉదయం ఎండ మాత్రమే తగిలే తూర్పు వైపుకు మార్చండి. బకెట్‌కు తడి గోనెపట్టా చుట్టండి. చిన్న డబ్బాలు తొందరగా కాగుతాయి, 20 లీటర్లు పట్టే పెట్టె నిదానంగా వేడెక్కుతుంది. అక్వేరియం ఎయిర్ పంపు పెడితే ఇంకా మంచిది, చెరువులో ఏరేటర్ చేసే పనే అది చేస్తుంది. వేరు మొత్తం కుళ్లితే మాత్రం పీకేసి, పెట్టెను బ్లీచింగ్ నీళ్లతో కడిగి మళ్లీ విత్తండి. తోటకూర నెల రోజుల్లో కోతకొస్తుంది, బాధపడకండి.

నీళ్లు నింపిన మర్నాడే వాడిపోయింది

పంపు లేని పెట్టెలో మొదట నీళ్లు నెట్ పాట్ అడుగును తాకాలి. మొక్క తాగేకొద్దీ మట్టం దిగి, పైన ఖాళీలో ఉన్న వేర్లు గాలి పీల్చడానికి అలవాటు పడతాయి. మళ్లీ అంచుదాకా నింపితే అవి మునిగి ఉక్కిరిబిక్కిరి అవుతాయి. తగ్గినప్పుడు కొంచెమే పోయండి, సగం వేర్లయినా బయటే ఉండాలి.

కొత్త ఆకులు పసుపుపచ్చ, ఈనెలు మాత్రం ఆకుపచ్చ

ఇనుము అందడం లేదు. ఇనుము వేసే ముందు పీహెచ్ (నీళ్ల పులుపు, క్షార గుణం చెప్పే అంకె) చూడండి. మన బోరు నీళ్ల గట్టితనం వల్ల పీహెచ్ పైకి పోతుంటుంది, 7 దాటితే నీళ్లలో ఇనుము ఉన్నా వేరుకు చిక్కదు. 5.5 నుంచి 6.5 మధ్య ఉంచాలి. ఫాస్ఫారిక్ యాసిడ్‌తో చేసిన పీహెచ్ డౌన్‌ను చుక్కలు చుక్కలుగా కలిపి, మర్నాడు మళ్లీ కొలవండి. నిమ్మరసం పిండితే ఈరోజు దిగుతుంది, రెండు మూడు రోజుల్లో మళ్లీ ఎక్కుతుంది. పసుపు కింది ముదురాకుల్లో మొదలైతే అది నత్రజని కొరత, పోషకాలు అయిపోయాయని అర్థం.

పెట్టె అడుగున సున్నంలా తెల్లగా పేరుకుంది

పోషకాల మందు ఏ, బీ అని రెండు సీసాల్లో వస్తుంది, ఆ రెంటినీ నీళ్లు లేకుండా ఒకదానిలో ఒకటి పోసి ఉంటారు. కాల్షియం, సల్ఫేటు, ఫాస్ఫేటు కలిసి గడ్డకడతాయి, అది ఇక మొక్కకు పనికిరాదు. పారబోసి, ఈసారి ఏ మందును మొత్తం నీళ్లలో కలిపి బాగా తిప్పాకే బీ వేయండి. ఎరువుల కొట్లో దొరికే 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ ఎరువు) ఒక్కటే వేస్తే సరిపోదు. అందులో కాల్షియం లేదు.

నీళ్లు పచ్చబడ్డాయి, దోమలు వస్తున్నాయి

లోపలికి వెలుతురు పోయి పాచి పడుతోంది, సందుల్లోంచి దోమలు దూరుతున్నాయి. థర్మోకోల్ గోడలోంచి కూడా వెలుతురు దిగుతుంది, అందుకే లోపల నల్ల ప్లాస్టిక్ షీటు పరవాలి. నెట్ పాట్ చుట్టూ సందుల్ని స్పాంజి ముక్కతో మూయండి.

మొదటిసారి వేసేవాళ్లు రోహిణి కార్తెలో మొదలుపెట్టకండి. వానలు తగ్గి చల్లబడే నవంబరు చివర మంచి సమయం. అప్పుడు పాలకూర, పుదీనా, కావాలంటే లెట్యూస్ కూడా వేయొచ్చు. ఎండలు ముదిరితే లెట్యూస్ పూతకొచ్చి చేదెక్కుతుంది. వేసవికి తోటకూర, బచ్చలి ఉంచుకోండి.