ఐడ్, షీడ్, దేడ్ పక్కన ఆల్రెడీ, నెవర్, జస్ట్ ఎక్కడ పెట్టాలి: సమస్య - పరిష్కారం

అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ స్పోకెన్ ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్లని గానీ, మాదాపూర్ వైపు ఇంటర్వ్యూలకి తిరిగేవాళ్లని గానీ అడగండి, పాస్ట్ పర్ఫెక్ట్ (గతంలో ఒకదాని కంటే ముందు జరిగినదాన్ని చెప్పే రూపం) అంటే హ్యాడ్ ప్లస్ వీ3 (ఈటెన్, గాన్ లాంటి క్రియ మూడో రూపం) అని నిద్రలో లేపి అడిగినా చెప్తారు. కానీ అదే హ్యాడ్ కుదించుకుపోయి ఒక్క "డ్" మాత్రమే మిగిలి (ఐ హ్యాడ్ కాస్తా ఐడ్, షీ హ్యాడ్ కాస్తా షీడ్ అయి), దాని పక్కనే ఒక యాడ్‌వర్బ్ (ఆల్రెడీ, నెవర్, జస్ట్ లాంటి మాట) వచ్చిందంటే చదివేటప్పుడూ తడబడతారు, మాట్లాడేటప్పుడూ తడబడతారు. వీళ్లకి గ్రామర్ రాదని నేను ఒప్పుకోను. ఆ "డ్" చెవికి సరిగ్గా వినపడదు, కంటికి కూడా ఒక అపాస్ట్రఫీ, ఒక అక్షరం, అంతే. అందుకే దాన్ని పట్టుకుని వేలాడకుండా దాని తర్వాత ఏమొచ్చిందో చూడటం అలవాటు చేసుకోవాలి, క్లాసుల్లో ఇదే సరిగ్గా చెప్పట్లేదు.

సమస్య: "ఐడ్ ఈటెన్ ఆల్రెడీ ద టిఫిన్" అంటున్నారు, ఎదుటివాళ్లు ఒక్క క్షణం ఆగి చూస్తున్నారు

ఎందుకంటే తెలుగులో "అప్పటికే టిఫిన్ తినేశా" అన్నా, "టిఫిన్ అప్పటికే తినేశా" అన్నా, "తినేశా అప్పటికే" అన్నా నడుస్తుంది, మాట ఎక్కడ పడ్డా అర్థం చెడిపోదు. ఇంగ్లిష్‌లో అంత స్వేచ్ఛ లేదు. క్రియకీ దాని ఆబ్జెక్టుకీ మధ్యలో యాడ్‌వర్బ్‌ని దూర్చకూడదు.

ముందు "డ్", తర్వాత యాడ్‌వర్బ్, తర్వాత వీ3, ఇదీ వరస. ఐడ్ ఆల్రెడీ ఈటెన్. షీడ్ నెవర్ సీన్ గోల్కొండ. దేడ్ జస్ట్ స్టార్టెడ్. హ్యాడ్, బీన్ లాంటి సహాయక క్రియలు రెండుంటే మొదటిదాని తర్వాతే పెట్టండి: వీడ్ ఆల్రెడీ బీన్ వెయిటింగ్ ఫర్ ఎన్ అవర్. ఆల్రెడీని వాక్యం చివర పెట్టినా తప్పు లేదు, "ఐడ్ ఈటెన్ ఆల్రెడీ" అనొచ్చు. క్విక్లీ, కేర్‌ఫుల్లీ లాంటి పని ఎలా జరిగిందో చెప్పేవాటికి చివరి చోటే ఎక్కువ నప్పుతుంది: షీడ్ రిటెన్ ఇట్ కేర్‌ఫుల్లీ. "ఐ ఆల్రెడీ హ్యాడ్ ఈటెన్" కూడా మరీ తప్పేం కాదు, హ్యాడ్‌ని ఒత్తి పలికేటప్పుడు అంటారు, కాకపోతే అలా ఒత్తినప్పుడు దాన్ని "డ్"గా కుదించలేం.

సమస్య: "డ్" అంటే హ్యాడ్ ఆ, వుడ్ ఆ తెలియట్లేదు

అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇదే కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. హ్యాడ్ కుదిస్తే "డ్", వుడ్ కుదిస్తే కూడా "డ్"యే, రాతలోనూ తేడా లేదు పలకడంలోనూ తేడా లేదు, పైగా మధ్యలో నెవర్ అని ఒకటొచ్చి క్రియని ఇంకొంచెం దూరం జరిపేస్తుంది, దాంతో వినేవాళ్లకి "డ్" చెవిలో పడేసరికి అసలు క్రియ ఇంకా వచ్చి ఉండదు.

మీరు చేయాల్సిందల్లా యాడ్‌వర్బ్‌ని దాటి ఆ తర్వాతి మాట ఏ రూపంలో ఉందో చూడటం. వీ3 ఉంటే హ్యాడ్, వీ1 (గో, ఈట్ లాంటి మొదటి రూపం) ఉంటే వుడ్. "ఐడ్ నెవర్ గాన్ దేర్" అంటే అప్పటివరకు ఎప్పుడూ వెళ్లలేదని, "ఐడ్ నెవర్ గో దేర్" అంటే చచ్చినా వెళ్లనని. యాడ్‌వర్బ్ తర్వాత హ్యావ్ కనిపిస్తే ఆలోచించక్కర్లేదు, అది వుడ్. ఈ వాక్యం పైకి చదవండి: ఇఫ్ ఐడ్ నోన్ ఎర్లియర్, ఐడ్ నెవర్ హ్యావ్ టేకెన్ ద బస్. మొదటి "డ్" హ్యాడ్, రెండోది వుడ్. అలా కాకుండా యాడ్‌వర్బ్ తర్వాత హ్యాడ్ అని వస్తే, అంటే "ఐడ్ ఆల్రెడీ హ్యాడ్ లంచ్" అంటే, అక్కడ ఉన్నది హ్యాడ్ హ్యాడ్. రెండు హ్యాడ్‌లు చూసి చాలామంది తప్పేమో అని భయపడి ఒకటి కొట్టేస్తారు. కొట్టేయకండి, మొదటిది సహాయక క్రియ, రెండోది భోజనం చేశాననే అసలు క్రియ, రెండూ ఉండాల్సిందే.

చిక్కంతా వీ1, వీ3 ఒకేలా ఉండే క్రియలతో వస్తుంది. కమ్, రన్, పుట్, కట్, లెట్. ఇక్కడ రూపం చూసి ఏం తెలియదు, యాడ్‌వర్బే దారి చూపించాలి. "హీడ్ ఆల్రెడీ కమ్" అంటే అప్పటికే వచ్చేశాడని, హ్యాడ్. "హీడ్ ఆఫెన్ కమ్ లేట్" అంటే తరచూ లేటుగా వచ్చేవాడని పాత అలవాటు చెప్పడం, చాలావరకు వుడ్. జస్ట్‌ని మాత్రం నమ్మొద్దు, "ఐడ్ జస్ట్ పుట్ ఇట్ దేర్" అంటే అప్పుడే అక్కడ పెట్టానని కావచ్చు, నేనైతే అక్కడే పెట్టేస్తానని కూడా కావచ్చు, ముందు వెనకా వాక్యాలు చూస్తే గానీ తేలదు. ఇంకో రెండు ఉన్నాయి, వీటికి లాజిక్ వెతక్కుండా గుర్తుపెట్టుకోండి: యూడ్ బెటర్ గో అంటే హ్యాడ్ (వీ1 వచ్చినా సరే), ఐడ్ రాదర్ స్టే అంటే వుడ్.

సమస్య: నాట్ చేరగానే వరస మారిపోతోంది

"హీ హ్యాడంట్ స్టిల్ కమ్" అని, "హీ హ్యాడంట్ ఆల్రెడీ కమ్" అని వింటుంటా. "ఇంకా రాలేదు" అనే మాటని అలాగే తీసుకెళ్లి పెట్టడం వల్ల వచ్చే తప్పు. స్టిల్, ప్రాబబ్లీ ఈ రెండూ హ్యాడంట్‌కి ముందు కూర్చుంటాయి: హీ స్టిల్ హ్యాడంట్ కమ్, షీ ప్రాబబ్లీ హ్యాడంట్ సీన్ ద మెయిల్. ఇలా చెప్పేచోట ఆల్రెడీ బదులు యెట్ వాడి చివర్న పెట్టండి: హీ హ్యాడంట్ కమ్ యెట్. నాట్ లేనప్పుడు ప్రాబబ్లీ మళ్లీ "డ్" తర్వాతకి వెళ్తుంది, షీడ్ ప్రాబబ్లీ లెఫ్ట్.

సమస్య: "యెస్, ఐడ్" అని ఆపేస్తున్నారు

కుదించిన "డ్" ఒంటరిగా నిలబడదు, తర్వాత ఏదో ఒకటి ఉండాలి. పొట్టి జవాబుల్లో పూర్తిగా "యెస్, ఐ హ్యాడ్" అనాలి, యాడ్‌వర్బ్ కావాలంటే దానికి ముందే: యెస్, ఐ ఆల్రెడీ హ్యాడ్. ప్రశ్నలోనూ అంతే, హ్యాడ్ యూ ఆల్రెడీ ఈటెన్. నెవర్, హార్డ్‌లీ, నో సూనర్ వాక్యం మొదట్లోకి వచ్చి హ్యాడ్ సబ్జెక్టు ముందుకి దూకితే అప్పుడు కూడా కుదించరు: హార్డ్‌లీ హ్యాడ్ ఐ రీచ్డ్ వెన్ ఇట్ స్టార్టెడ్ రెయినింగ్.

సమస్య: అవసరం లేనిచోట కూడా "డ్" వచ్చేస్తోంది

"ఐడ్ గాన్ టు చార్మినార్ యెస్టర్‌డే." హైదరాబాద్‌లో ఇది ఎక్కువ వినిపించడానికి ఒక కారణం మన దక్కనీ అలవాటు అనుకుంటా, "మై కల్ గయా థా" అని రోజూ విని, ఆ థా బదులు హ్యాడ్ పెట్టేస్తాం. కానీ ఇంగ్లిష్‌లో నిన్న అని చెప్పేసి ఊరుకుంటే "ఐ వెంట్ యెస్టర్‌డే" చాలు. గతంలో ఒకదాని కంటే ముందు ఇంకోటి జరిగిందని చెప్పాల్సి వచ్చినప్పుడే హ్యాడ్ కావాలి. చార్మినార్ కట్టింది 1591లో, గోల్కొండ ఔరంగజేబు చేతికి పోయింది 1687లో. వెన్ గోల్కొండ ఫెల్, చార్మినార్ హ్యాడ్ ఆల్రెడీ స్టుడ్ ఫర్ 96 ఇయర్స్. ఇక్కడ రెండు కాలాలున్నాయి, ఏది ముందో ఆల్రెడీ కూడా చెప్తోంది, కాబట్టి హ్యాడ్ ఉండాల్సిందే.

సమస్య: "డ్" అన్నా వినపడట్లేదు, లేదా అసలు అనట్లేదు

"ఐ ఆల్రెడీ డన్ ఇట్" అని చాలామంది అంటారు, మనసులో హ్యాడ్ ఉంటుంది గానీ నోట్లోంచి రాదు. "డ్" తర్వాత వెంటనే ట, డ శబ్దం వస్తే రెండూ అతుక్కుపోతాయి, ఐడ్ డన్, షీడ్ టోల్డ్ పలికి చూడండి. మధ్యలో ఆల్రెడీ ఉంటే మాత్రం సుఖం, అది అచ్చుతో మొదలవుతుంది కదా, "ఐడాల్రెడీ" అని ఒకే మాటలా కలిపి పలకండి, "డ్" దానంతటదే బయటకొస్తుంది. నెవర్ ముందు నాలుకని పళ్ల వెనక ఒక్క క్షణం ఆపి వదలండి.

పేర్ల తర్వాత, అంటే "మేనేజర్డ్ ఆల్రెడీ లెఫ్ట్" లాంటివి, మాట్లాడేటప్పుడు అందరూ అంటారు, ఆఫీసు మెయిల్లో మాత్రం "ద మేనేజర్ హ్యాడ్ ఆల్రెడీ లెఫ్ట్" అని పూర్తిగా రాయండి. ఇట్ తర్వాత అయితే పలకడం "ఇటడ్" అని రెండు ముక్కలుగా, ఇటడ్ ఆల్రెడీ స్టార్టెడ్, రాతలో ఇది కూడా విడదీసి రాస్తేనే చదవడానికి బాగుంటుంది.