గోళ్లు తీయనివ్వని కుక్కకు గోళ్లు తీయడం ఎలా?

మా చుక్కకు గోళ్ల కట్టర్ ఏ సొరుగులో ఉంటుందో తెలుసు. హాల్లో ఎంత గాఢనిద్రలో ఉన్నా సరే, ఆ సొరుగు లాగిన చప్పుడు వినిపిస్తే లేచి వెళ్లి మంచం కింద గోడవారకు నక్కేది. పక్క సొరుగు లాగితే మాత్రం చెవి కూడా కదిపేది కాదు. విశాఖ సీతమ్మధారలో మా వీధిలోనే పుట్టిన పిల్ల అది. మొదటిసారి గోళ్లు తీయించడానికి ఒకచోటికి తీసుకెళ్తే, ఇద్దరు మనుషులు నేలకు అదిమిపట్టి ఐదు నిమిషాల్లో గోళ్లన్నీ తీసేశారు. రెండు గోళ్ల నుంచి రక్తం కారింది. ఆ ఐదు నిమిషాలు దాని మనసులోంచి పోవడానికి మాకు నాలుగు నెలలు పట్టింది.

గోళ్లు తీయనివ్వని కుక్కను మొండిది అంటారు. నేను చూసినంతవరకు అది మొండితనం కంటే భయమే. ముందు ఆ భయం తగ్గించుకోవాలి, కత్తిరించడం ఆ తర్వాతే.

రోడ్ల మీద తిరిగితే గోళ్లు వాటంతట అవే అరిగిపోతాయి కదా అని చాలామంది అడుగుతారు. గట్టి నేల మీద బాగా నడిచే కుక్కకు కొంత అరుగుతాయి, నిజమే. కానీ విశాఖలో మనం పొద్దున్నే తీసుకెళ్లేది బీచ్ ఇసుకలోకి. మెత్తని ఇసుకలో గోరు పెద్దగా అరగదు. ఏప్రిల్, మే నెలల్లో తారు కాలిపోతుంటే ఆ నడక కూడా తగ్గిపోతుంది. మిగతా రోజంతా అపార్ట్‌మెంట్‌లో టైల్స్ మీదే. గోళ్లు పెరిగిన కుక్క టైల్స్ మీద నడుస్తుంటే టకటకమని చప్పుడు వస్తుంది. నేల మీద కదలకుండా నిలబడినప్పుడు కూడా గోరు నేలకు తగులుతోందంటే తీయాల్సిన సమయం వచ్చినట్టే. అలాగే వదిలేస్తే వేళ్లు పక్కకు ఒరుగుతాయి, అడుగు జారుతుంది, వయసు మీద పడిన కుక్కకు కీళ్ల నొప్పి ఎక్కువవుతుంది.

మొదటి పని: పాదం పరీక్షించండి

కొన్ని కుక్కలు పాదం వెనక్కి లాక్కునేది నిజంగా నొప్పి వల్లే. వానాకాలంలో వేళ్ల సందుల్లో పిడుదులు దాక్కుంటాయి, తడికి చర్మం ఎర్రబడుతుంది. విరిగిన గోరు ఉండొచ్చు. కుంటుతున్నా, ఒకే పాదాన్ని పదేపదే నాకుతున్నా ముందు డాక్టరుకు చూపించండి. నొప్పి ఉన్నంతకాలం కింద చెప్పిన ఏ పద్ధతీ పనిచేయదు.

రెండో పని: సామాను సిద్ధం చేసుకోండి

కుక్కల కోసమే చేసిన కత్తెర లాంటి కట్టర్ కొనండి. మనం వాడే చిన్న నెయిల్ కట్టర్ పెద్ద గోరును తెంపడానికి బదులు నలిపేస్తుంది, అది నొప్పి. బ్లేడు మొద్దుబారినా అంతే. కాలు జారకుండా టైల్స్ మీద గోనెపట్టా పరవండి. చిన్న గిన్నెలో కార్న్‌ఫ్లోర్ పక్కన ఉంచుకోండి, ఎందుకో చివర్లో చెబుతాను. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్‌ను చిటికెన వేలి గోరంత ముక్కలు చేసుకోండి. పెరుగు కూడా బాగా పనికొస్తుంది. స్టీలు పళ్లేనికి పూసి పెడితే కుక్క నాకుతూ కుదురుగా ఉంటుంది. పీనట్ బటర్ పెట్టేవాళ్లు డబ్బా మీద జైలిటాల్ ఉందేమో చదవండి, అది కుక్కలకు విషం.

మూడో పని: పాదం తనంతట తాను ఇవ్వాలి

ఎక్కువ రోజులు పట్టేది ఇక్కడే. తొందరపడి చెడగొట్టుకునేది కూడా ఇక్కడే.

రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు చాలు. కట్టర్ గదిలోనే ఉండకూడదు. కుక్క పక్కన నేల మీద కూర్చోండి. మీద వంగితే భయపడుతుంది. భుజం మీద చెయ్యి వేయండి, వెంటనే ముక్క పెట్టండి. చెయ్యి తీసేయండి, ముక్కలు ఆపేయండి. వరస ముఖ్యం: ముందు తాకడం, తర్వాత తిండి. మనలో చాలామంది చికెన్ చూపించి మురిపించి, అది తింటుండగా కాలు పట్టుకుంటాం. అలా నాలుగుసార్లు చేస్తే చికెన్ కనిపించినా అనుమానించి దూరం జరుగుతుంది.

భుజం నుంచి మోచేయి, మోచేయి నుంచి మణికట్టు, అక్కడి నుంచి పాదం. ఒక చోట నిశ్చింతగా ఉందంటేనే తర్వాతి చోటికి వెళ్లండి. చుక్కకు మణికట్టు దాకా మూడు రోజులు పట్టింది, మణికట్టు నుంచి వేళ్ల దాకా మూడు వారాలు. తర్వాత మీ అరచేయి చాచి ఆగండి. తనే పాదం తెచ్చి అందులో పెడితే ముక్క. పెట్టిన పాదాన్ని గుప్పిట బిగించి పట్టుకోకండి. లాక్కుంటే లాక్కోనివ్వండి, తిట్టొద్దు. తప్పించుకునే దారి ఉందని నమ్మకం కుదిరితే తప్పించుకోవాల్సిన అవసరం తగ్గుతుంది. ఇది విన్నప్పుడు నేనూ నమ్మలేదు, కానీ చుక్క విషయంలో కళ్లారా చూశాను.

మధ్యలో దాని ముఖం చూస్తూ ఉండండి. పెదాలు నాక్కోవడం, నిద్ర రాకుండానే ఆవలించడం, తల పక్కకు తిప్పుకొని కంటి తెల్లగుడ్డుతో ఓరగా చూడడం, తోక ముడవడం ఇవన్నీ ‘ఇక చాలు’ అని చెప్పడమే. ఉన్నట్టుండి కొయ్యబారితే అది ఒప్పుకోవడమని పొరబడకండి, కరిచే ముందు చాలా కుక్కలు అలాగే బిగుసుకుంటాయి. గుర్రుమంటే కొట్టకూడదు. గుర్రుమనడం మానేసిన కుక్క చెప్పకుండానే కరుస్తుంది.

మా అమ్మ ఒక సలహా ఇచ్చింది. “చంటిపిల్లలకి నిద్దట్లో తీసేవాళ్లం కదమ్మా, దీనికీ అలాగే తీసెయ్.” భయం లేని కుక్కకైతే కొన్ని ఇళ్లల్లో అలా సాగిపోతుంది. భయపడే కుక్కకు మాత్రం చేయకండి. ఉలిక్కిపడి లేస్తే కరవచ్చు, పైగా ఆ తర్వాత మీ పక్కన నిద్రపోవడానికి కూడా జంకుతుంది.

నాలుగో పని: కట్టర్‌తో స్నేహం

కట్టర్‌ను దూరంగా నేల మీద పెట్టండి. చూసినందుకు ఒక ముక్క, వాసన చూసినందుకు ఒకటి. కొన్ని రోజులకు దాన్ని పాదానికి ఆనించి తీసేయండి, అంతే. చప్పుడుకు భయపడే కుక్క ఉంటే కొబ్బరి చీపురు పుల్లలు తీసుకొని గది అవతలి వైపు నుంచి కట్టర్‌తో ఒక్కొక్కటే తెంపండి. గోరు తెగినప్పుడు వచ్చే చప్పుడు అచ్చం అలాగే ఉంటుంది. ప్రతి చప్పుడుకూ ఒక ముక్క పెడుతూ మెల్లమెల్లగా దగ్గరికి రండి. కట్టర్ ఉండే సొరుగును కూడా రోజుకు పదిసార్లు ఊరికే తెరిచి, మూసి, ముక్క పెట్టండి. చుక్క మంచం కిందికి వెళ్లడం మానింది దీనితోనే.

ఐదో పని: ఒక్క గోరు

గోరు లోపల రక్తనాళం, నరం ఉండే పచ్చి భాగం ఉంటుంది. తెల్ల గోరులో అది గులాబీ రంగులో బయటికే కనిపిస్తుంది, దానికి రెండు మిల్లీమీటర్ల ఇవతలే ఆపేయాలి. మన నాటు కుక్కల్లో చాలావాటికి నల్ల గోళ్లే, బయటి నుంచి ఏమీ తెలియదు. అందుకే గోరును తిప్పి కింది వైపు చూడండి. కొస దగ్గర వంకీలా వంగి, అడుగున గాడిలా గుంట ఉన్న చోటు వరకు గోరు బోలుగా ఉంటుంది. ముందు ఆ కొసే తీయాలి. ఆ తర్వాత ఉల్లిపొర మందాన ఒక్కొక్క చెక్కు తీస్తూ, తీసిన ప్రతిసారీ కోసిన ముఖం చూడండి. మొదట పొడిగా, సుద్దలా కనిపిస్తుంది. పెన్సిల్ చెక్కితే నడుమ ములుకు కనిపించినట్టు మధ్యలో నల్లని, నిగనిగలాడే గుండ్రటి చుక్క కనిపించగానే ఆపేయండి. పచ్చి దాని వెనకే ఉంది.

ఒక గోరు తీసి, మంచి ముక్క ఒకటి పెట్టి, కట్టర్ లోపల పెట్టేయండి. ఆ రోజుకు అంతే. రెండో గోరు కూడా ఇచ్చేలా ఉంది కదా అని ఆశపడకండి. కుక్కకు సాధారణంగా పద్దెనిమిది గోళ్లు, ముందు కాళ్లకు ఐదేసి, వెనక కాళ్లకు నాలుగేసి. ముందు కాలి లోపలి వైపున ఉండే ఐదో గోరు నేలకు తగలదు, కాబట్టి అసలు అరగదు. వదిలేస్తే చుట్టుకుపోయి చర్మంలోకి గుచ్చుకుంటుంది. జుట్టు ఎక్కువున్న కుక్కకు అక్కడ వేలితో తడిమి మరీ చూడండి.

మా ఇంట్లో మంగళ, శుక్రవారాలు గోళ్లు తీయరు, చీకటిపడ్డాక అసలే తీయరు. చుక్కకూ అదే నియమం. ఆ రెండు రోజులూ పాదం ఇవ్వడం, ముక్క తినడం మాత్రమే. పాదం ఇచ్చిన ప్రతిసారీ కట్టర్ రాదని దానికి తెలియడం చాలా మేలు చేసింది. వారానికి ఐదు గోళ్ల లెక్కన నాలుగు వారాల్లోపు ఒక చుట్టు పూర్తవుతుంది, మళ్లీ మొదటి గోటికి సమయమవుతుంది. బాగా పెరిగిన గోళ్లలో పచ్చి కూడా ముందుకు పెరిగి ఉంటుంది. కొంచెం కొంచెంగా తరచూ తీస్తుంటే అది వెనక్కి తగ్గుతుంది. ఒకేసారి పొట్టిగా చేయాలనుకోకండి.

కట్టర్‌ను ఎంతకీ దగ్గరికి రానివ్వకపోతే

హార్డ్‌వేర్ షాపులో 80 నంబరు ఉప్పు కాగితం తెచ్చి, అడుగున్నర పొడవు పలకకు గట్టిగా అంటించండి. పలకను ఏటవాలుగా పట్టుకొని, కుక్క దాన్ని కాలితో గీరితే ముక్క పెట్టండి. తవ్వే అలవాటున్న కుక్కలు రెండు రోజుల్లో నేర్చుకుంటాయి. తన గోళ్లు తనే అరగదీసుకుంటుంది, పట్టుకునే పనే లేదు. పాదాల మెత్తలు ఒరుసుకోకుండా నాలుగైదు గీతలకే ఆపండి. ముందు కాళ్లకు ఇది చక్కగా సరిపోతుంది, వెనక కాళ్లకు, ఐదో గోటికి కష్టం.

ఇదివరకే కరిచిన కుక్కకు చిక్కం అలవాటు చేయండి. బుట్టలా ఉండి, లోపల నోరు తెరిచి వగర్చడానికి చోటు ఉండేదే కొనండి. మూతిని బిగించేసే గుడ్డ చిక్కం మన సముద్రపు ఉక్కలో ప్రమాదం, కుక్క ఒంటి వేడిని వగర్చే తగ్గించుకోవాలి. బుట్ట చిక్కాన్ని కూడా ముక్కలు పెట్టి రోజుల తరబడి అలవాటు చేయాలి. ఇంట్లో ఎవరికైనా పన్ను దిగినా, గోరు గీరుకున్నా సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లండి. మన కుక్కే కదా అని ఊరుకోవద్దు.

గోళ్లు చర్మంలోకి దిగుతున్నాయి, కుక్క చెయ్యి వేయనివ్వడం లేదు అంటే నెలల శిక్షణకు టైం లేదు. పశువైద్యుడిని అడిగితే ఇంట్లోనే వేసే, టెన్షన్ తగ్గించే మందు రాస్తారు, లేదా అక్కడే మత్తు ఇచ్చి తీస్తారు. నలుగురు అదిమిపట్టడం కంటే అది చాలా మేలు. మనం వేసుకునే నిద్రమాత్రలు, నొప్పి మాత్రలు మాత్రం సొంతంగా వేయకండి. ఐబుప్రొఫెన్ లాంటివి కుక్క ప్రాణం తీయగలవు.

రక్తం వస్తే

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఎప్పుడో ఒకసారి పచ్చి తగులుతుంది. కేకలు పెట్టకండి. కార్న్‌ఫ్లోర్‌లో గోటి కొసను అద్ది, దూది లేదా శుభ్రమైన గుడ్డతో మూడు నాలుగు నిమిషాలు వదలకుండా నొక్కిపట్టండి. మధ్యలో తీసి చూస్తే మళ్లీ మొదలవుతుంది. పటిక పొడి కూడా రక్తం ఆపుతుంది, కానీ మండుతుంది. అందుకే నేను దాన్ని రెండోదిగా ఉంచుకుంటాను. పావుగంట దాటినా ఆగకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఆ రోజు ఇసుకలోకి, ఉప్పునీళ్లలోకి తీసుకెళ్లకండి. మర్నాడు కట్టర్ బయటికి తీయకుండా, అరచేయి చాచి పాదం కోసం ఆగే దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టండి.