స్టీఫెన్ లాంగ్టన్ వ్యాసాన్ని ఎలా బాగుచేయాలి

వికీపీడియాలో మధ్యయుగపు మతాధికారి మీద వ్యాసం కనబడితే నేను కొత్తగా ఏదీ చేర్చకముందే తేదీలు సరిచూస్తాను. స్టీఫెన్ లాంగ్టన్‌నే తీసుకోండి. పోప్ మూడో ఇన్నోసెంట్ 1207 జూన్ 17న ఇటలీలోని విటెర్బోలో ఆయన్ని కాంటర్‌బరీ ఆర్చిబిషప్‌గా, అంటే ఇంగ్లండ్ చర్చికి పెద్దగా, అభిషేకించాడు. ఇంగ్లండ్ రాజు జాన్ ఒప్పుకోలేదు, దేశంలో అడుగుపెట్టనివ్వలేదు. దానికి పోప్ 1208లో ఇంగ్లండ్ అంతటా చర్చి ఆరాధనలు ఆపించాడు. చివరికి రాజు తలొగ్గాక, 1213లో గానీ లాంగ్టన్ ఇంగ్లండ్‌కు రాలేకపోయాడు. సమాచారపెట్టెలో (వ్యాసం పక్కన ఉండే వివరాల పట్టికలో) పదవీకాలం 1207–1228 అని ఉంటే తప్పేమీ కాదు, కానీ అది చదివినవాళ్లకు ఆ ఆరేళ్ల ప్రవాసం తెలియనే తెలియదు. దాన్ని మొదటి పేరాలోనే చెప్పండి.

1215లో రాజు అధికారానికి హద్దులు పెట్టిన ఒప్పందపత్రం మాగ్నా కార్టా దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. 1213లో లండన్‌లోని సెయింట్ పాల్స్ చర్చిలో లాంగ్టన్ కొందరు ప్రభువులను పక్కకు పిలిచి, ప్రభువుల హక్కులను ఒప్పుకుంటూ మొదటి హెన్రీ రాజు ఇచ్చిన పాత శాసనం చూపించాడని ఒక కథ ఉంది. చెప్పింది రోజర్ ఆఫ్ వెండోవర్ అనే సన్యాసి. ఆయనే ‘వినికిడి ప్రకారం’ అని రాసుకున్నాడు! ఎనిమిది వందల ఏళ్ల కిందటి రచయిత అంత నిజాయితీగా పెట్టిన మాటను మనం కొట్టేయకూడదు. ‘చూపించాడు’ అని కాకుండా ‘చూపించాడని రోజర్ రాశాడు’ అనండి. ‘మాగ్నా కార్టా రాసింది లాంగ్టనే’ అనే వాక్యం ఉంటే తీసేయండి. 1215లో రాజుకూ ప్రభువులకూ మధ్యవర్తిగా నిలబడ్డాడని రాయండి. తిరగబడ్డ ప్రభువులను చర్చి నుంచి వెలివేసినట్టు ప్రకటించనన్నందుకు అదే ఏడాది పదవి నుంచి సస్పెండయ్యాడని కూడా రాయండి. ఆయన ఎలాంటి మనిషో నాకు అక్కడే తెలిసింది.

బైబిలు సంగతి మన పాఠకులు తప్పకుండా వెతుకుతారు. ఇప్పుడు వాడుకలో ఉన్న అధ్యాయాల విభజనను, పారిస్‌లో పాఠాలు చెప్పిన లాంగ్టన్‌కే ఆపాదిస్తారు. వచనాల సంఖ్యలు మాత్రం ఆయనవి కావు. కొత్త నిబంధనలో ఇప్పుడున్న సంఖ్యలు 1551లో రాబర్ట్ ఎస్టియెన్ అనే ముద్రాపకుడు అచ్చువేసిన ప్రతి నుంచి వచ్చాయి. ఈ రెండింటినీ కలిపేసిన వాక్యం కనబడితే విడదీయండి, దేనికి దానికి వేరే మూలం ఇవ్వండి.

పుట్టిన ఏడు ‘సుమారు 1150’ అనే ఉంచండి. పెద్ద వాక్యమేదైనా తీసేస్తే కారణం ఆ వ్యాసపు చర్చా పేజీలో రాయండి, మార్పు భద్రపరిచేటప్పుడు రాసే దిద్దుబాటు సారాంశంలో ఒక ముక్క చాలదు.