థెరపిస్టుకీ పక్షపాతం ఉంటుంది: ఎలా పసిగట్టాలి, ఏం చేయాలి

మా ఫ్రెండ్ ఒకడు నిద్ర పట్టట్లేదని అమీర్‌పేటలో ఒక కౌన్సెలర్ దగ్గరికెళ్లాడు. ఆఫీసు టెన్షన్, తెల్లవారుజాము 3 దాకా ఫోను. మాటల్లో తాను గే అని కూడా చెప్పాడు. ఆవిడ కోప్పడలేదు, మొహం చిట్లించలేదు, "పర్లేదు నాన్నా, ఈ వయసులో ఇలాంటివి మామూలే" అంది. వాడికి 31 ఏళ్లు. ఇక ఆ తర్వాత మూడు సెషన్లూ చిన్నప్పుడు వాళ్ల నాన్న ఎలా చూసేవాడన్నదాని మీదే నడిచాయి, నిద్ర సంగతి అలాగే ఉండిపోయింది.

ముందుగా చూడాల్సింది అదే, మీరు తీసుకెళ్లిన సమస్య పక్కకి పోయి, మీరెవరన్నదే సమస్యగా మారిపోతోందా అని. "ఇంట్లో ఎవరికి తెలుసు, అక్కడ ఇబ్బందేమీ లేదుగా" అని అడిగితే అది మీ క్షేమం కోసం. "ఎప్పటినుంచి ఇలా అయ్యావు" అంటే కారణం వెతుకుతున్నట్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వలింగ ఆకర్షణని జబ్బుల జాబితా నుంచి 1990లోనే తీసేసింది, ఇంకా కారణమేంటి!

పెళ్లైన ఆడవాళ్లకి ఇదే ఇంకో వేషంలో వస్తుంది. భర్త చేయి చేసుకుంటున్నాడని చెప్తే "కాస్త సర్దుకుని చూశారా అమ్మా" అంటారు. ఆ మాటకి ఫీజెందుకు, మేనత్త ఉందిగా.

అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఫోన్‌లో అడిగేయండి, "మా వాళ్లు నన్ను మార్చమని అడిగితే మీరేం చేస్తారు?" అని. "అది మార్చేది కాదు" అని టక్కున రావాలి. "ముందు రండి, చూద్దాం" అంటే వద్దు. కన్వర్షన్ థెరపీ, అంటే గే, ట్రాన్స్ వాళ్లని 'మార్చేస్తాం' అంటూ చేసే వైద్యం, చేస్తే డాక్టర్లకు అది వృత్తిపరమైన తప్పు అని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది, కానీ బోర్డు పెట్టుకున్న ప్రతివాళ్లూ డాక్టర్లు కారు కదా, అందుకే క్లినికల్ సైకాలజిస్టునంటే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబరు అడగడానికి మొహమాటపడకండి. లింగం, లైంగికత పేరుతో వైద్యంలో వివక్ష చూపకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే ఉంది.

సెషన్‌లో ఏదైనా మాట గుచ్చుకుంటే అక్కడే చెప్పండి. పెద్దవాళ్లతో అలా అనడం మనకి అలవాటు లేదు, తెలుసు, మర్నాడు వాట్సాప్‌లో రాసినా సరే. మంచి థెరపిస్టు "ఏ మాట?" అని అడుగుతారు. "మీరు మరీ సెన్సిటివ్" అంటే ఇంక వెళ్లకండి. ట్రాన్స్ అమ్మాయిని ఒకసారి పొరపాటున 'అతను' అనడం వేరు, ప్రతివారం అనడం వేరు.

మనవైపూ చూసుకోవాలి లెండి. "పెళ్లి కాని పిల్ల, నా కాపురం గురించి ఈమెకేం తెలుసు" అని మీకనిపిస్తే, అది కూడా ఆమెతోనే చెప్పాలి.

మావాడు తర్వాత ఆన్‌లైన్‌లో ఇంకొకాయన్ని పట్టుకున్నాడు. గే అని చెప్తే ఆయన రాసుకుని, "సరే, రాత్రి ఫోన్ ఎక్కడ పెడతారు?" అని అడిగారట.