ఎండలు ముదరకముందే కిడ్నీల సంగతి చూసుకోండి

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు మే నెలలో 45 డిగ్రీలు తాకే రోజులు మనకు కొత్తేమీ కాదు. సరిగ్గా ఆ ఎండల్లోనే యాసంగి వరి కోతలు, ఉపాధి హామీ పనులు, మేస్త్రీ పనులు అన్నీ ఉంటాయి. పొద్దంతా చెమటోడ్చి, నీళ్లు సరిగ్గా తాగక, రాత్రి ఒళ్లు నొప్పులని గోలీ వేసుకుని పడుకుంటారు. కిడ్నీలు దెబ్బతినేది ఇక్కడే, నాకు అన్నిటికంటే ఎక్కువ భయం ఉన్నది కూడా ఈ గోలీ మీదే.

ఎందుకంటే ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి వెళ్లే రక్తం కూడా తగ్గుతుంది. అప్పుడు కిడ్నీ తన రక్తనాళాలను వెడల్పు చేసుకుని ఎలాగోలా నెట్టుకొస్తుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు సరిగ్గా ఆ పనికే అడ్డుపడతాయి. కాబట్టి వాంతులు, విరేచనాలు అవుతున్నా, ఎండదెబ్బ తగిలినా, ఆ రోజు వీటి జోలికి అస్సలు పోవద్దు. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకునేటప్పుడు "ఇది నొప్పుల సూదేనా, నాకు షుగర్ ఉంది, బీపీ ఉంది" అని నోరు తెరిచి చెప్పండి, అందులో మొహమాటం ఏమీ లేదు. తప్పనిసరైతే పారాసిటమాల్ కిడ్నీకి కొంత నయం, కానీ రోజూ మద్యం తాగేవాళ్లు, లివర్ జబ్బు ఉన్నవాళ్లు అది కూడా డాక్టర్‌ని అడిగే వేసుకోవాలి.

ఏళ్ల తరబడి కిడ్నీని తినేసేవి మాత్రం షుగరూ బీపీయే. చాలావరకు పాడయ్యేదాకా కిడ్నీ ఏ సంగతీ బయటపెట్టదు, నొప్పి ఉండదు, మూత్రం కూడా మామూలుగానే వస్తుంటుంది. అందుకే ఎండలు రాకముందే రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించుకోండి. షుగర్ ఉంటే ఏటా చేయించుకోవాల్సిందే. ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీ స్పూన్ లోపు ఉండాలంటారు, మన తొక్కులు, పచ్చళ్లు, అప్పడాలతోనే అందులో చాలా భాగం అయిపోతుంది.

ఇక నీళ్లు. ఎండలో పని చేస్తుంటే దాహం కోసం ఎదురుచూడకుండా పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు తాగాలి. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తుంటే నీళ్లు చాలట్లేదని లెక్క, రాళ్లకు మొదలు కూడా అదే. ఆడవాళ్లు పని దగ్గర మరుగు లేదని నీళ్లే మానేస్తారు, ఇది నిజంగా బాధ కలిగించే విషయం. మేస్త్రీలు, గుత్తేదార్లు ఆ ఏర్పాటు ముందే చూడాలి. అంబలి, ఉప్పు తక్కువ వేసిన పల్చని సల్ల మంచివే, ఓఆర్‌ఎస్ అయితే ప్యాకెట్ మీద రాసినంత నీళ్లలోనే కలపాలి.

నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువన్న సంగతి తెలిసిందే. ఒంట్లోకి వెళ్లిన ఫ్లోరైడ్‌ను బయటికి పంపేది కూడా ఎక్కువగా కిడ్నీలే కాబట్టి, కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లలో అది ఇంకా ఎక్కువ పేరుకుంటుంది. కాచితే పోతుందనుకోవద్దు, నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. తాగడానికి, వంటకు మిషన్ భగీరథ నల్లా నీళ్లే వాడండి.

షుగర్ పూర్తిగా తగ్గిస్తామని, రాళ్లు కరిగిస్తామని ఇచ్చే పేరు తెలియని పసర్లు, భస్మాలు వద్దే వద్దు. కొన్నింట్లో పాదరసం, సీసం ఉంటాయి.

ఇప్పటికే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు నీళ్ల గురించి పైన చెప్పిన లెక్క వర్తించదు. నీళ్లెన్ని తాగాలో డాక్టర్ చెప్పిన లెక్కే లెక్క. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ, అది గుండెకు ప్రమాదం తేవచ్చు, వాళ్లకు మంచిదని బలవంతంగా తాగించకండి. బీపీ గోలీలు వేసుకునేవాళ్లకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటే వాటిలో కొన్నింటిని కొద్దిరోజులు ఆపాల్సి రావచ్చు, సొంతంగా ఆపకుండా వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేసి అడగండి.

కోతలప్పుడు ఇంకొకటి, రక్తపింజర పాము. దాని విషం కిడ్నీలను కూడా దెబ్బతీస్తుంది. కాటు పడితే మంత్రం, నాటు మందు అని గంటలు పోగొట్టకుండా, గట్టిగా కట్టు కట్టకుండా, కాటు పడ్డ కాలో చెయ్యో కదలకుండా చూసుకుంటూ విరుగుడు సూది ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. మూత్రం తగ్గినా, ఎర్రగా వచ్చినా అక్కడి డాక్టర్‌కు వెంటనే చెప్పండి.