చూపు లేకుండా పెరిగినవారు హక్కుల పనిలోకి అడుగుపెట్టడం ఎలా

పుట్టుకతోనో, చిన్నతనంలోనో చూపు పోయి పెరిగిన పిల్లలు కాలేజీ వయసుకు వచ్చేసరికి తమకు తెలియకుండానే ఒక విద్యలో ఆరితేరి ఉంటారు. ఏ పాఠ్యపుస్తకం పరీక్షలు అయిపోయాక గానీ చదవగలిగే రూపంలో చేతికి రాదో, ఏ లెక్కను ఉపాధ్యాయులు బోర్డు మీద రాసి పైకి చదవకుండా వదిలేస్తారో, ఏ వెబ్‌సైటు సగం దారిలో మొరాయిస్తుందో వారికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆ తెలివిడిని సొంత కష్టంగా దిగమింగుకోకుండా పదిమందికి అక్కరకొచ్చే పనిగా ఎలా మలుచుకోవాలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఆ పనిలోనే జీవితానికి ఒక దిశ దొరికినవారు చాలామంది ఉన్నారు. నేనూ వారిలో ఒకరిని.

అన్నిటికంటే ముందు మీ పనిముట్లు మీ చేతిలో ఉండాలి. తెల్లకర్రతో ఒంటరిగా నడవడం, బ్రెయిలీ చదవడం, రాయడం, తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో కంప్యూటర్‌ను పూర్తిగా వాడుకోవడం రానంత కాలం మీ ఉత్తరాన్ని ఇంకొకరు చదివిపెడతారు, మీ మాటను ఇంకొకరు చెబుతారు, చివరకు నిర్ణయం కూడా వారే తీసుకుంటారు. స్క్రీన్ రీడర్ ఉండగా బ్రెయిలీ ఎందుకని కొందరు అంటారు. నేను దీన్ని ఒప్పుకోను. అక్షరదోషం, విరామచిహ్నం, గణిత సమీకరణం వేలికొనకు తెలిసినంత కచ్చితంగా చెవికి తెలియవు. పైగా వేదిక మీద మాట్లాడుతున్నప్పుడు ముఖ్యాంశాలను చేతితో చదువుకోగలగడం పెద్ద బలం. ఈ పనిముట్లలో కొన్ని చూపు లేనివారు తయారుచేసుకున్నవే. మూడేళ్ల వయసులో కంటికి గాయమై చూపు పోగొట్టుకున్న లూయీ బ్రెయిలీ, అప్పటికే ఉన్న పన్నెండు చుక్కల లిపి వేలికొన కింద ఇమడటం లేదని గుర్తించి, 1824 నాటికి, అంటే పదిహేనేళ్లకే, ఆరు చుక్కల లిపిని రూపొందించాడు. నేడు ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్‌ను 2006లో ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్ మొదలుపెట్టాడు, ఆయనకూ చూపు లేదు. ఇబ్బంది ఎక్కడుందో అనుభవించినవారు కాబట్టే దాన్ని అంత సూటిగా పట్టుకోగలిగారు.

తర్వాత ఒకే ఒక్క అడ్డంకిని ఎంచుకోండి. సమాజం మారాలి అన్న ఫిర్యాదుకు ఏ అధికారీ జవాబు రాయలేరు, కానీ ఒక ఫారంలో ఒక బటన్ పనిచేయడం లేదంటే రాయక తప్పదు. ఉదాహరణకు ప్రవేశ పరీక్ష దరఖాస్తునే తీసుకోండి. ‘మీ వెబ్‌సైటు అంధులకు ఉపయోగపడటం లేదు’ అని రాస్తే అది చెత్తబుట్టకు చేరే అవకాశమే ఎక్కువ. దానికి బదులు ఇలా రాయండి: ‘చివరి పేజీలో ట్యాబ్ నొక్కుతూ వెళితే స్క్రీన్ రీడర్ బటన్ అని మాత్రమే పలుకుతోంది, అది దేనికి సంబంధించినదో చెప్పడం లేదు. దానికి ముందున్న క్యాప్చా బొమ్మకు వినే ప్రత్యామ్నాయం లేదు. అందువల్ల నా దరఖాస్తును నేను స్వయంగా పంపలేకపోతున్నాను. బటన్‌కు పేరు జతచేసి, క్యాప్చాకు వినగలిగే రూపం ఇవ్వండి. అది జరిగేలోపు గడువు ముగిసిపోకుండా నా దరఖాస్తును ఫోన్‌లో గానీ ఈమెయిల్‌లో గానీ స్వీకరించండి.’ తేదీ, వాడిన బ్రౌజర్, స్క్రీన్ రీడర్ పేరు కూడా చేర్చండి. వెబ్‌సైట్లకు ప్రపంచమంతటా ప్రమాణంగా తీసుకునే డబ్ల్యూసీఏజీ ఈ రెండు లోపాలనూ లోపాలుగానే లెక్కిస్తుందని ఒక వాక్యం కలిపితే, అవతలి సాంకేతిక నిపుణుడికి ఏం సరిచేయాలో వెతుక్కునే పని తప్పుతుంది. ఏ సంస్థతోనూ ఫోన్ మాటతో సరిపెట్టుకోకండి. ఫోన్‌లో మాట్లాడినా, ఏం అనుకున్నారో అదే రోజు ఈమెయిల్‌గా పంపండి.

చట్టం చదవడం ఇక్కడ మొదలవుతుంది. 2006 డిసెంబరు 13న ఐక్యరాజ్యసమితి ఆమోదించి, 2008 మే 3న అమల్లోకి వచ్చిన వికలాంగుల హక్కుల ఒడంబడికను మీరే స్వయంగా చదవండి. 2వ అధికరణం సహేతుకమైన సర్దుబాటు, అంటే ఒక వ్యక్తి అవసరానికి తగ్గట్టు మరీ భారం కాకుండా చేయగల మార్పు, ఏమిటో నిర్వచించి, దాన్ని నిరాకరించడం వివక్షే అంటుంది. 9వది అందుబాటు గురించి, 24వది బ్రెయిలీ నేర్పడంతో సహా చదువు గురించి చెబుతాయి. నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది 4వ అధికరణంలోని మూడో భాగం. వికలాంగులకు సంబంధించిన విధానాలు తయారుచేసేటప్పుడు వారి సంఘాల ద్వారా వారిని, వికలాంగులైన పిల్లలను కూడా, సంప్రదించాలని అది ప్రభుత్వాలకు చెబుతుంది. ‘ఇంకా చిన్నవాడివి, నీకెందుకు ఇవన్నీ’ అనేవారికి ఇంతకంటే మంచి జవాబు లేదు. పుస్తకాలను చదవగలిగే రూపంలోకి మార్చుకోవడానికి కాపీరైట్ అడ్డు రాకుండా 2013లో కుదిరిన మరకేష్ ఒప్పందాన్నీ చదివి, మీ దేశ చట్టంలో వీటికి సరిపోయే సెక్షన్లు ఏవో రాసిపెట్టుకోండి.

ఒంటరిగా చాలాదూరం పోలేరు కాబట్టి సంఘంలో చేరండి. అది చూపు లేనివారి సంఘమే కానక్కరలేదు. 1977 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని సమాఖ్య ప్రభుత్వ భవనంలో రకరకాల వైకల్యాలున్నవారు కలిసి మూడు వారాలకు పైగా బైఠాయించారు. లోపలి ఫోన్లు తెగిపోయినప్పుడు వినికిడి లేనివారు కిటికీల్లోంచి సైగల భాషలో బయటికి కబురు అందించారు. వారు అడిగినట్టే, వైకల్యం పేరుతో వివక్షను నిషేధించే నిబంధనల మీద అమెరికా ప్రభుత్వం చివరకు సంతకం పెట్టాల్సి వచ్చింది.

సభలకు పిలుపులు మొదలయ్యాక ఒక జాగ్రత్త అవసరం. చాలామంది మీ పని గురించి కాక మీ కన్నీళ్ల గురించి వినాలనుకుంటారు. చూపు ఎలా పోయిందో, ఇంట్లోవారు ఎంత బాధపడ్డారో చెప్పాల్సిన బాధ్యత మీకు లేదు. ఏ అంశం మీద మాట్లాడతారో ముందే రాసి పంపండి. మరో మాట: చూపు లేని ప్రతి ఒక్కరూ కార్యకర్త కావాలని ఏమీ లేదు. గణితం ఇష్టమైతే గణితమే చదవండి, చదవగలిగే రూపంలో మీరు అడిగి సాధించుకున్న ప్రశ్నపత్రం తర్వాతి విద్యార్థికి దారి అవుతుంది.

ఒక సమస్య తీరగానే దాని ఉత్తరాలన్నీ, వచ్చిన జవాబులతో సహా, ఒక ఫైల్‌లో పెట్టి మీకంటే చిన్నవారికి ఇవ్వండి. వెబ్‌సైటు కొత్త రూపంలోకి మారినప్పుడు సరిచేసిన బటన్ పేరు మళ్లీ మాయమైపోవడం మామూలే కాబట్టి, తర్వాతి ఏడాది దరఖాస్తులు తెరిచిన మొదటి రోజే ఆ పేజీని వారిచేత పరీక్ష చేయించండి.